కరవని కుక్కను ఎవరు చూస్తారు?

పోయిన శనివారం పొద్దున ఆరు కూడా కాలేదు, హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద మా కుక్క జూలీతో నడుస్తున్నాను. ఎదురుగా ఒక అవ్వ, ఆమె వేలు పట్టుకుని నాలుగైదేళ్ల మనవడు, వాడి చేతిలో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. జూలీ ప్యాకెట్‌ని చూసింది. ముక్కు రెండుసార్లు కదిలింది. తర్వాత నా ఎడమ పక్కకు జరిగి, కూర్చుని, తలెత్తి నా మొహం చూసింది. నేను "శభాష్" అన్నాను, నడుముకు కట్టుకున్న చిన్న సంచిలోంచి ఉడికించిన కార్జం ముక్క తీసి ఇచ్చాను. అవ్వ పిల్లాణ్ణి అటువైపుకు లాక్కుని ఆగిపోయింది.

"కరుస్తదా బిడ్డా?"

"కరవదు అవ్వా, మీరు పోండి, నేను పట్టుకునే ఉన్న."

వాళ్లు వెళ్లిపోయారు, ఆమె మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఇంతే జరిగింది. చుట్టూ వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఇరవై మంది దాకా ఉండి ఉంటారు, ఒక్కరూ అటు చూడలేదు, చూడాల్సిన పని కూడా వాళ్లకు కనపడలేదు. అదే జూలీ ఒక్కసారి మొరిగి ఉంటే అందరూ తిరిగేవాళ్లు, పిల్లాడి మీదికి ఎగిరి ఉంటే సాయంత్రానికి కాలనీ గ్రూపుల్లో వీడియో తిరిగేది, కరిచి ఉంటే మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చేది. బిస్కెట్ వాసన వస్తున్నా, బెల్టు వదులుగా ఉన్నా, కూర్చుని నా మొహం చూసిన ఆ నాలుగు సెకన్ల వెనుక దాదాపు రెండేళ్ల పని ఉంది. అది జూలీ చేసిన పని కూడా, నాది మాత్రమే కాదు. ఆ పనికి మన ఊళ్లో పేరు లేదు, గుర్తింపు లేదు. ఉండాలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ అవ్వ భయాన్ని నేను తప్పు పట్టను. 2023 మేలో కాజీపేటలో వీధి కుక్కల దాడిలో ఒక చిన్న బాబు ప్రాణం పోయింది, ఆ ఏడే ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో ఇంకో పసివాడు. ఆ వార్తలు చూసిన ఏ తల్లయినా కుక్క కనపడగానే పిల్లల్ని దగ్గరకు లాక్కుంటుంది. అవి వీధి కుక్కలు, మాది పెంపుడు కుక్క అని నేను వాదించొచ్చు గానీ, రోడ్డు మీద ఎదురొచ్చే మనిషికి ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? బెల్టు ఉన్నంత మాత్రాన కరవదని ఎవరు రాసిచ్చారు? భయపడేవాళ్లకు జవాబు చెప్పాల్సిన బాధ్యత కుక్కను పెంచుకున్నవాళ్లదే. "మాది ఏం చెయ్యదు" అనే ఒక్క మాట జవాబు కాదు, అందరూ అదే అంటారు, కరిచిన కుక్క యజమాని కూడా నిన్నటి దాకా అదే అన్నాడు.

అయితే మన దగ్గర మంచి కుక్క అంటే ఏమిటో అడిగి చూడండి. పదిమందిలో ఎనిమిది మంది చెప్పే గుర్తు ఒక్కటే: "నేనంటే హడల్. నేను లేస్తే చాలు, మూలకు పోయి పడుకుంటది." ఈ మాట గర్వంగా చెప్తారు. మా ఇంట్లోనూ చెప్పేవాళ్లం.

జూలీ కంటే ముందు మాకు టామీ ఉండేవాడు, అల్సేషన్ క్రాస్, మా మేనమామ తెచ్చిచ్చాడు. ఏడో నెలలో ఇంటికి వచ్చి ట్రైనింగ్ ఇచ్చే ఒకాయన్ని పెట్టాం, పదిహేను రోజుల మాట. ఆయన ఒక గొలుసు తెచ్చాడు, లాగితే మెడ చుట్టూ బిగుసుకునేది. "సిట్" అంటూ పైకి ఒక గుంజు గుంజేవాడు, టామీ నడుము కిందికి నొక్కేవాడు. నాలుగో రోజుకల్లా టామీ కూర్చోవడం మొదలుపెట్టాడు, పదో రోజుకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, దసరాకు వచ్చిన చుట్టాలంతా చప్పట్లు కొట్టారు. మా బాపు ఆయనకు పైసలతో పాటు కొత్త బట్టలు కూడా పెట్టాడు.

మేం చూడనిది ఇంకోటి ఉంది. చూశాం, అర్థం కాలేదు అనడం సరైంది. ఆ గొలుసు మేకుకు తగిలించి ఉండేది, దాన్ని తీసేటప్పుడు గలగలమని చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినగానే టామీ చెవులు వెనక్కి పోయేవి, తోక పొట్ట కిందికి వెళ్లేది, పెదాలు నాక్కునేవాడు, బండల మీద పడుకుని కొంచెం మూత్రం పోసేవాడు. "చూసినవా, ఎంత మర్యాద" అని నవ్వుకున్నాం. వాడు గుర్రుమన్నప్పుడల్లా మూతి మీద ఒకటి వెయ్యమని ట్రైనర్ చెప్పాడు, వేశాం. రెండు నెలల్లో గుర్రుమనడం పూర్తిగా మానేశాడు. మర్యాద ఇంకా పెరిగిందనుకున్నాం.

మరుసటి ఏడాది మా పిన్ని మనవరాలు వాడు అన్నం తింటుండగా గిన్నె దగ్గరకు చెయ్యి చాపింది. టామీ ఒక్క చప్పుడు చెయ్యకుండా కరిచాడు. అరచేతి వెనుక రెండు పళ్ల గాట్లు. పాపను ఎత్తుకుని ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తాం, టీకా కోర్సు మొత్తం వేయించాం, గాయం మానింది గానీ ఆ పాపకు ఇప్పుడు పంతొమ్మిదేళ్లు, ఇప్పటికీ కుక్క ఉన్న ఇంటి గడప తొక్కదు. ఆ రోజు మేమంతా అన్న మాట, "గుర్రు కూడా అనలేదు, ఉన్నట్టుండి కరిచింది." ఎట్లా అంటాడు? గుర్రుమనడమంటే కరిచే ముందు కుక్క ఇచ్చే హెచ్చరిక, దగ్గరికి రావద్దని నోటితో చెప్పడం. ఆ నోరు మూయించింది మేమే. లోపలి భయం అట్లాగే ఉంది, పైకి చెప్పే దారి మాత్రం పోయింది.

ఆ తర్వాత టామీ బతికినన్ని రోజులు పెరట్లో జామచెట్టుకు కట్టేసే ఉన్నాడు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను సరిగ్గా తిప్పకపోవడం కూడా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ కింద నేరమేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు టామీ లేడు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది కరిచిన రోజు కాదు, గొలుసు చప్పుడుకు వాడు పడుకున్న పొద్దులు. వాడు చెప్పినవన్నీ మా కళ్ల ముందే చెప్పాడు.

జూలీ మా ఇంటికి 2019 వానల్లో వచ్చింది. నయీంనగర్ నాలా పక్కన తడిసి వణుకుతున్న నాటు కుక్క పిల్ల, గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి. పెరిగే కొద్దీ దానికి హెల్మెట్ అంటే పడేది కాదు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి గేటు ముందు ఆగితే చాలు, గొంతు పోయేలా మొరిగేది. నేను మళ్లీ పాత దారికే పోబోయాను, చేతికి చీపురు కూడా తీసుకున్నాను. మా చెల్లె బిడ్డ అప్పుడు మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతోంది, ఆదివారం మా ఇంట్లోనే ఉంది. అది అన్న మాట నాకు బాగా గుర్తు: "పెద్దమ్మా, అది తప్పు చేసినప్పుడు ఏం చెయ్యాల్నో అడుగుతున్నవు. మంచిగున్నప్పుడు నువ్వేం చేస్తున్నవో ముందు చెప్పు." ఏమీ చెయ్యడం లేదు. మంచిగా ఉన్నప్పుడు దాన్ని నేను చూడనే చూడడం లేదు.

ఆ సాయంత్రం మా చెల్లె బిడ్డే మా ఆయన హెల్మెట్‌ని తెచ్చి వాకిట్లో ఒక చివర పెట్టింది, జూలీని ఇంకో చివర నిలబెట్టింది, మధ్య ఇరవై అడుగులు ఉంటుంది. జూలీ హెల్మెట్‌ని చూసింది, ఇంకా మొరగలేదు. ఆ క్షణంలోనే "శభాష్" అని కోడి కార్జం ముక్క నోటికి అందించింది. మళ్లీ చూసింది, మళ్లీ ముక్క. ఐదు నిమిషాలు, అంతే, హెల్మెట్ లోపల పెట్టేసింది. మాట ఠక్కున పడాలి, ముక్క వెంటనే వెళ్లాలి, ఆలస్యమైతే దేనికి ఇచ్చావో దానికి తెలియదు అని చెప్పింది. ముక్క శనగ గింజంత చాలు. మర్నాడు దూరం ఒక అడుగు తగ్గించాం. మధ్యలో ఒకరోజు తొందరపడి మూడడుగులు తగ్గించాను, మొరిగింది, మళ్లీ వెనక్కి వెళ్లాం. మూడో వారానికి హెల్మెట్ పక్కనే కూర్చుని నా వైపు చూడ్డం మొదలుపెట్టింది, "చూసిన, నా ముక్క ఏది?" అన్నట్టు. తర్వాత హెల్మెట్ మా ఆయన తలకెక్కింది, ఆ తర్వాత గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి తల మీద. ఆ అబ్బాయి పాపం రోజూ గేటు బయట రెండు నిమిషాలు ఊరికే నిలబడేవాడు మా కోసం.

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఏ పని చేస్తే మంచి జరుగుతుందో ఆ పని మళ్లీ చెయ్యబుద్ధవుతుంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే ఆయన 1898లో పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, తలుపు తీసుకుని బయటికి వస్తే తిండి దొరికేలా చేసి, దీన్ని ఓపికగా లెక్కలతో చూపించాడు. వాసన పట్టి బాంబుల్ని కనిపెట్టే కుక్కలకు సామాను దొరికిన వెంటనే బంతి ఇచ్చి ఆడిస్తారు, ఆ బంతి కోసమే అవి అంత దీక్షగా వెతుకుతాయి. ప్రాణాల మీదికి వచ్చే పనికే బంతి సరిపోయినప్పుడు, మన ఇంటి గేటు దగ్గర మొరగకుండా ఉండడానికి గొలుసు ఎందుకు?

నాకు ఎదురయ్యే వాదనలు మూడున్నాయి, ఒక్కోటీ కట్ట మీద కనీసం వందసార్లు విని ఉంటాను. మొదటిది లంచం. "తిండి చూపిస్తే ఎవరైనా చేస్తరు, తిండి లేకపోతే?" ముక్కను ముందే ముక్కు ముందు ఊపి పని చేయిస్తే అది లంచమే, ఒప్పుకుంటాను, అట్లా నేర్పితే చెయ్యి ఖాళీగా ఉన్న రోజు కుక్క వినదు. పని అయిపోయాక ఇచ్చేది జీతం. అలవాటు గట్టిపడ్డాక ప్రతిసారీ ముక్క ఇవ్వక్కర్లేదు, ఒకసారి ముక్క, ఒకసారి మెడ కింద గోకడం, ఒకసారి "పద, ఉరుకు" అని వదలడం. జూలీకి అన్నిటికంటే ఇష్టమైన జీతం చెరువు గట్టున గడ్డిలో దొర్లడం, దానికి రూపాయి ఖర్చు లేదు.

రెండోది తోడేళ్ల కథ. గుంపుకు ఒక నాయకుడు ఉంటాడు, మనం నాయకుడిగా అణిచిపెట్టకపోతే కుక్క మన నెత్తికెక్కుతుంది అని. ఈ మాటకు మూలం రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసింది, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉన్న తోడేళ్లను చూసి. డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970లో వచ్చిన తన పుస్తకంతో దాన్ని ఇంకా ప్రచారం చేశాడు. ఆ మెక్కే తర్వాత అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, అక్కడి గుంపు అంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశాడు, తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వెయ్యొద్దని ప్రచురణకర్తల్ని అడిగాడు. రాసిన మనిషే వద్దన్న మాటను మనం ఇంకా మన కుక్కల మెడకు బిగిస్తున్నాం.

మూడోది నిజాయితీ గల వాదన, "కొడితే పని అయితది కదా." అవుతుంది. టామీ కూర్చున్నాడు కదా. కానీ కూర్చోవడంతో పాటు ఇంకేం నేర్చుకున్నాడన్నదే నా ప్రశ్న. 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కల్ని గమనించి ఒక అధ్యయనం వెలువరించారు. అరుపులు, గుంజుళ్ల మీద నడిచే ట్రైనింగ్ స్కూళ్ల కుక్కల్లో పెదాలు నాక్కోవడం, ఆవులించడం లాంటి టెన్షన్ గుర్తులు ఎక్కువ కనపడ్డాయి, ట్రైనింగ్ తర్వాత ఉమ్మిలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా ఎక్కువ పెరిగింది. అది చదివినప్పుడు నాకు మా బండల మీద టామీ పెదాలు నాక్కోవడం కళ్ల ముందు కదిలింది.

ఇక గుర్తింపు సంగతి. బయటి దేశాల్లో ఇది కొత్త కాదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989 నుంచి 'కెనైన్ గుడ్ సిటిజన్' అని ఒక పరీక్ష పెడుతోంది, పది అంశాలు. కొత్త మనిషి వచ్చి పలకరిస్తే ఎట్లా ఉంటుంది, బెల్టు బిగవకుండా పక్కన నడుస్తుందా, జనం మధ్యలోంచి పోతుందా, పిలిస్తే వస్తుందా, ఇంకో కుక్క ఎదురైతే ఏం చేస్తుంది, యజమాని మూడు నిమిషాలు కనపడకుండా పోతే తట్టుకుంటుందా, ఇట్లాంటివి. జాతి కుక్కే కావాలని లేదు, ఏ కుక్కయినా రావొచ్చు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్‌కు 1992 నుంచి ఇట్లాంటిదే ఉంది. నొప్పి, భయం, షాక్ లేకుండా నేర్పేవాళ్ల సంఘం, పెట్ ప్రొఫెషనల్ గిల్డ్, 'పెట్ డాగ్ అంబాసిడర్' అని తమ పద్ధతికి తగ్గట్టు ఒకటి పెట్టుకుంది.

మన దగ్గర డాగ్ షో అంటే ఎత్తు, వెంట్రుక, దవడ, నడక చూసి కప్పు ఇస్తారు, అదీ జాతి కుక్కలకు. అందాన్ని మెచ్చుకోవడంలో నాకు పేచీ లేదు. కానీ ఆ కప్పు వల్ల పక్కింటి పిల్లకు ఒరిగేది ఏమీ లేదు. జూలీ లాంటి నాటు కుక్క ఆ గేటు లోపలికే రాదు, మన ఎండకు మన నేలకు ఇంతకంటే సరిపోయే కుక్క ఇంకోటి లేకపోయినా సరే.

అయితే ఆ అమెరికా పరీక్షను తెచ్చి ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టమని నేను అనను. దాంట్లో కొత్తవాళ్లు కుక్కను నిమరడం ఒక అంశం. మన రోడ్ల మీద చాలామంది కుక్కను ముట్టుకోవాలనుకోరు, దగ్గరికి రాకుంటే చాలనుకుంటారు. నా దృష్టిలో ఇక్కడ అన్నిటికంటే పెద్ద మర్యాద పట్టించుకోకుండా పోవడం. ప్రేమగానే అయినా ఎగిరి మీద కాళ్లు పెట్టే కుక్క, భయపడే మనిషికి కరిచే కుక్కలాగే కనిపిస్తుంది. కాబట్టి మన పరీక్షలో ఆటో హారన్ ఉండాలి, మేకల మంద అడ్డం రావాలి, చేతికర్ర పట్టుకున్న తాత, బుర్ఖాలో ఉన్న అమ్మ, హెల్మెట్ మనిషి, ఉరుకుతున్న పిల్లలు, టిఫిన్ బండి కింద పడ్డ వడ ముక్క, గేటు అవతల మొరిగే వీధి కుక్కలు ఉండాలి. వీటన్నిటి పక్కనుంచి బెల్టు వదులుగా నడిచిపోయిన కుక్క పాసైనట్టు. రేబిస్ టీకా కార్డు లేనివాళ్లను అసలు లోపలికే రానివ్వకూడదు, అందులో మొహమాటం వద్దు.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. అమెరికా పరీక్ష రోజు ముళ్ల కాలరు, షాక్ కాలరు వాడనివ్వరు, మంచిదే. కానీ ఇంట్లో ఎట్లా నేర్పారన్నది ఆ పది నిమిషాల్లో ఎవరు అడుగుతారు? టామీ ఆ పరీక్షలో సగానికి పైగా పాసయ్యేవాడు, నాకు అనుమానం లేదు. అందుకే చూసేవాళ్లు కుక్క కూర్చుందా లేదా అన్నదొక్కటే చూడకూడదు, ఎట్లా కూర్చుందో చూడాలి. తోక ఎక్కడుంది, కంటి తెల్లగుడ్డు బయటపడుతోందా, యజమాని చెయ్యి లేస్తే తల వంచుకుంటుందా, పేరు పిలిస్తే ఉరికి వస్తుందా, నేల మీద పాక్కుంటూ వస్తుందా. కొట్టిన చేతిని కుక్క దాచిపెట్టలేదు, చూడ్డం తెలిసినవాళ్లకు నిమిషంలో తెలిసిపోతుంది. యజమానిని కూడా అడగాలి: కూర్చోవడం ఎట్లా నేర్పారో ఇప్పుడు మా ముందు చేసి చూపించండి అని. ముక్క ఇచ్చే చేతికీ గుంజే చేతికీ తేడా అక్కడే బయటపడుతుంది. పాస్ కాని కుక్కకు 'ఫెయిల్' అని ముద్ర వెయ్యొద్దు, ఏం తక్కువైందో చెప్పి మూడు నెలల తర్వాత రమ్మనాలి.

దీనికి కోట్లు అక్కర్లేదు. చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, ఒక ఖాళీ గ్రౌండ్, ఇద్దరు పశువుల డాక్టర్లు, సాయానికి మామునూరు నుంచి నలుగురు విద్యార్థులు. పాసైన కుక్క మెడలో ఒక చిన్న బిళ్ల, దాని మీద ఏడాది. ఆ బిళ్ల చూస్తే ఎదురొచ్చే అవ్వకు కొంత ధైర్యం, నలుగురు అడిగితే "ఇదెట్ల వచ్చింది?" అన్న ముచ్చట మొదలవుతుంది. ఆ ముచ్చటే నాకు కావాల్సింది.

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ గొడవ వచ్చినప్పుడు నాకు ఇది బాగా అర్థమైంది. కుక్కలు లిఫ్ట్‌లో రావొద్దని కొందరన్నారు. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం పెంపుడు కుక్కల్ని లిఫ్ట్‌లోంచి నిషేధించడం కుదరదు, ఆ కాగితం నా దగ్గర ఉంది, మీటింగ్‌లో చదివి గెలవొచ్చు. చదవలేదు. నాలుగో అంతస్తులో ఉండే వదినెకు కుక్కంటే చచ్చేంత భయం, నేను కాగితంతో గెలిస్తే ఆమె మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కుతుంది. ఆమె లిఫ్ట్ దగ్గర ఉంటే మేం ఆగుతాం అని చెప్పాను. మూడు నెలలు ఆగాం. లిఫ్ట్ తలుపు తెరుచుకోవడం, జూలీ కూర్చోవడం, ఆమె ఎక్కి పోవడం. ఒకరోజు తలుపు మూసుకోబోతుంటే ఆమే బటన్ నొక్కి పట్టుకుంది. "రాండ్లి, ఆ మూలకు కూసోబెట్టు" అంది. జూలీ మూలకు, మొహం గోడ వైపు, నాలుగు అంతస్తులు. దిగేటప్పుడు ఆమె నా సంచి వైపు చూసి "దానికియ్యవా ఇయ్యాల?" అని అడిగింది.

ఇప్పుడు మేం ఐదు ఇళ్ల వాళ్లం ఆదివారాలు కట్ట దగ్గర కలుస్తున్నాం, పరీక్ష ఏమీ లేదు, ఒకరి కుక్క పక్కనుంచి ఒకరం నడుస్తాం, అంతే. పోయిన ఆదివారం జర్మన్ షెపర్డ్‌తో ఒకాయన వచ్చాడు, కుక్క మెడలో అదే రకం గొలుసు, దగ్గరికి రాకుండా చింతచెట్టు కింద అరగంట నిలబడి చూశాడు. పోయే ముందు వచ్చి, "అక్కా, ఆ సంచిల ఏముంది?" అన్నాడు. కోడి కార్జం అన్నాను. పావుకిలో తెచ్చి, ఉప్పు, ఉల్లిగడ్డ ఏవీ వెయ్యకుండా పది నిమిషాలు ఉడికించి, చల్లారాక శనగ గింజంత ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, కార్జం ఎక్కువైతే మంచిది కాదు కాబట్టి రోజూ కొన్నే వాడాలి, మిగతా రోజులు ఉడికించిన గుడ్డు పనికొస్తుంది. ఆయన ఫోన్‌లో రాసుకున్నాడు.